ఇంటివాడే దోషి అయినప్పుడు శిక్ష ఎక్కడ తేలుతుంది?

నేరం రుజువైందని చెప్పాక జడ్జి ముద్దాయిని ఒక ప్రశ్న అడుగుతారు: "శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటావా?" దానికి వచ్చే జవాబు దాదాపు ప్రతి కోర్టులోనూ ఒక్కటే. ఇంటికి నేనొక్కణ్ణే దిక్కు, ముసలి తల్లి ఉంది, చిన్నపిల్లలున్నారు, దయచూపండి. దొంగతనం కేసులోనో కొట్లాట కేసులోనో ఆ మాటకు కొంత బరువుంటుంది. కానీ కూతురి మీదో మేనకోడలి మీదో లైంగిక నేరం చేసినవాడు ఈ మాట అన్నప్పుడు చిక్కంతా అక్కడే ఉంది. అతను చెబుతున్న ఆ చిన్నపిల్లల్లో ఒకరు సాక్షి బోనెక్కి దిగిపోయారు.

ఇలాంటి కేసుల్లో శిక్ష జడ్జి మనసును బట్టి ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి తీర్పు రోజున జడ్జి చేతిలో మిగిలేది తక్కువే. ఎఫ్ఐఆర్‌లో పడిన తేదీ, పిల్ల వయసుకు తెచ్చిన కాగితం, చుట్టరికానికి చూపిన రుజువు, వాంగ్మూలంలో రాసిన మాటలు కలిసి శిక్షను ఎప్పుడో సగానికి పైగా రాసిపెట్టేస్తాయి.

ముందే ఒక మాట. ఇక్కడ సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని ప్రస్తావిస్తాను గానీ ఇంటి కేసుల్లో పేర్లు రాయను. మామూలు కేసులో ముద్దాయి పేరు రాస్తే ముద్దాయే బయటపడతాడు. తండ్రి ముద్దాయి అయిన కేసులో అతని పేరు రాస్తే కూతురు బయటపడుతుంది. పిల్లలపై లైంగిక నేరాల కోసం చేసిన పోక్సో చట్టం 23వ సెక్షన్ పిల్ల పేరొక్కటే కాదు, కుటుంబం, బడి, ఇరుగుపొరుగు వివరాలు బయటపెట్టడం కూడా నేరమే అంటుంది. స్థానిక పేజీల్లో "ఫలానా గ్రామంలో ఫలానా కసాయి తండ్రి" అని ఫొటోతో సహా వేసేవాళ్ళు ఇది ఒకసారి చదువుకుంటే బాగుంటుంది.

మన చట్టంలో "కుటుంబంలో జరిగిన లైంగిక నేరం" అని విడిగా ఒక సెక్షన్ లేదు. చుట్టరికం ఇక్కడ నేరాన్ని బరువెక్కించే అంశంగా వస్తుంది. బాధితురాలికి, లేదా బాధితుడికి, 18 ఏళ్ళు నిండకపోతే పోక్సో చట్టం వర్తిస్తుంది. అందులో 5వ సెక్షన్ (ఎన్) క్లాజు ఉంది. రక్తసంబంధం, దత్తత, పెళ్ళి, సంరక్షకత్వం, ఫోస్టర్ సంరక్షణ వల్ల బంధువైనవాడు, పిల్ల తల్లితోనో తండ్రితోనో గృహ సంబంధంలో ఉన్నవాడు, పిల్లతో ఒకే ఇంట్లో ఉంటున్నవాడు లైంగిక దాడి చేస్తే అది "తీవ్రమైన" దాడి అవుతుంది. శిక్ష 6వ సెక్షన్ కింద పడుతుంది: తక్కువలో తక్కువ 20 ఏళ్ళ కఠిన కారాగారం, ఎక్కువైతే మిగిలిన సహజ జీవితమంతా జైలు, లేదా మరణశిక్ష. చొచ్చుకుపోయే స్వభావం లేని దాడి అయితే 9వ సెక్షన్‌లోని (ఎన్) క్లాజు, శిక్ష 10వ సెక్షన్ కింద 5 నుంచి 7 ఏళ్ళు. అదే పని బయటివాడు చేస్తే 8వ సెక్షన్ కింద 3 నుంచి 5 ఏళ్ళు.

బాధితురాలికి 18 నిండితే పోక్సో లేదు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 64(2)(ఎఫ్) వస్తుంది. బంధువు, సంరక్షకుడు, నమ్మకపు స్థానంలో ఉన్నవాడు చేసిన అత్యాచారానికి కనీసం 10 ఏళ్ళు, గరిష్ఠంగా మిగిలిన జీవితమంతా. 2024 జూలై 1కి ముందు జరిగినదైతే పాత ఐపీసీ 376(2)(ఎఫ్). అంకెలు అవే.

ఇక ఆ నాలుగు కాగితాలు.

మొదటిది తేదీ. నేరం జరిగిన రోజున ఏ చట్టం ఉందో ఆ శిక్షే పడాలి. తర్వాత పెంచిన శిక్షను వెనక్కి వర్తింపజేయడానికి వీల్లేదు. ఇది రాజ్యాంగం 20(1) అధికరణం. పోక్సో అమల్లోకి వచ్చింది 2012 నవంబరు 14న. అప్పట్లో 6వ సెక్షన్ కనీస శిక్ష 10 ఏళ్ళు, గరిష్ఠం యావజ్జీవం. 20 ఏళ్ళ కనీసం, "మిగిలిన సహజ జీవితమంతా" అన్న మాట, మరణశిక్ష ఈ మూడూ 2019 ఆగస్టు 16 నుంచి వచ్చాయి. మధ్యలో 2018 ఏప్రిల్ 21న ఐపీసీ మారింది. 16 ఏళ్ళలోపు బాలికపై అత్యాచారానికి అందులో కనీసం 20 ఏళ్ళు పెట్టారు. ఒకే పని రెండు చట్టాల కింద నేరమైతే ఎక్కువ శిక్ష ఉన్నదాని ప్రకారం వెయ్యాలని పోక్సో 42వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, ఆ పదహారు నెలల మధ్య జరిగిన నేరాలకు ఐపీసీ సెక్షన్ కూడా చార్జిషీటులో ఉందా లేదా అన్నది పదేళ్ళ తేడా తెస్తుంది. 2025లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో నేరం 2019 మే నెలలో జరిగింది. కింది కోర్టు ఆగస్టు తర్వాతి 6వ సెక్షన్ ప్రకారం మిగిలిన జీవితమంతా జైలు వేసింది. సుప్రీంకోర్టు నేర నిర్ధారణను అలాగే ఉంచి, శిక్షను పాత సెక్షన్ ప్రకారం మామూలు యావజ్జీవంగా మార్చింది. మూడు నెలల తేడా.

ఇంటి కేసుల్లో ఈ తేదీ సమస్య మరీ ఎక్కువ, ఎందుకంటే ఇది ఒక రోజు జరిగి ఆగిపోయేది కాదు. పిల్ల చెప్పేది "నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి నుంచి" అని. దర్యాప్తు అధికారి ఆ మాటను యథాతథంగా రాసి వదిలేస్తే కోర్టులో అది ఎటూ తేలదు. ఆరో తరగతి ఏ ఏడాది, బడి రిజిస్టరు ఏం చెబుతోంది, మొదటిసారి ఎప్పుడు, ఆఖరిసారి ఏ పండగ ముందు, అప్పుడు ఏ ఇంట్లో అద్దెకున్నారు అని కట్టుకుంటూ రావాలి. 2017 నుంచి 2021 దాకా జరిగిందని చార్జిషీటులో ఉండి, 2019 ఆగస్టు తర్వాత జరిగిన ఒక్క సంఘటనైనా విడిగా రుజువు కాకపోతే సందేహ లాభం ముద్దాయికే పోతుంది. పిల్ల తేదీలు చెప్పలేకపోవడం తప్పు కాదు. పిల్ల చెప్పిన గుర్తులను తేదీలుగా మార్చకపోవడం దర్యాప్తు లోపం.

రెండోది వయసు. ఇది చాలా కేసుల్లో కొంప ముంచే కాగితం. వయసు తేల్చడానికి బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ఒక వరస పెట్టింది, వయసు తేల్చే నిబంధనలు బాధితులకూ వర్తిస్తాయని సుప్రీంకోర్టు 2013లోనే, అప్పటి పాత నిబంధనల మీద, చెప్పింది. ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. పోలీసులు హడావిడిగా బడి మారేటప్పుడు ఇచ్చే టీసీ కాపీ ఒకటి జతచేసి ఊరుకుంటారు. టీసీ ఈ సెక్షన్ చెప్పిన పత్రం కాదని 2023 జూలైలో సుప్రీంకోర్టు ఒక పోక్సో కేసు కొట్టేస్తూ స్పష్టంగా చెప్పింది. ఎముకల పరీక్ష దాకా వెళితే రెండేళ్ళు అటూ ఇటూ ఉండొచ్చని కోర్టులు లెక్కవేస్తాయి, ఆ రెండేళ్ళు ముద్దాయి వైపే పోతాయి. నివేదికలో 16 నుంచి 17 అని వచ్చిందంటే 18 దాటి ఉండొచ్చని డిఫెన్సు వాదిస్తుంది. వయసు రుజువు కాకపోతే మొత్తం పోక్సో పోయి 64(2)(ఎఫ్) మిగులుతుంది. కనీసం 20 ఉండాల్సింది కనీసం 10 అయిపోతుంది. పైగా 18 నిండిందని తేలాక సమ్మతి అన్న వాదన కూడా తలుపు తీసుకుని వస్తుంది.

మూడోది చుట్టరికం. తండ్రి, తాత, బాబాయి, మేనమామ అయితే పెద్ద గొడవ ఉండదు. తల్లి వాంగ్మూలం, రేషన్ కార్డు, ఆధార్, బడి రికార్డు చాలు. చిక్కు మారుతండ్రి దగ్గర, తల్లితో పెళ్ళి లేకుండా ఉంటున్నవాడి దగ్గర వస్తుంది. పెళ్ళి కాలేదు కాబట్టి నేను బంధువును కానని వాదిస్తారు. ఆ వాదనకు చట్టంలోనే జవాబుంది, తల్లితో గృహ సంబంధంలో ఉంటే చాలు. కానీ కలిసి ఉన్నట్టు రుజువు కావాలి: ఇంటి యజమాని, పక్కింటివాళ్ళు, గ్యాస్ బుక్కు, ఏదో ఒకటి. ఇంకో చిక్కు మన పిలుపుల్లో ఉంది. మన ఊళ్ళల్లో పక్కింటాయన కూడా మామయ్యే, ఎదురింటాయన బాబాయే. ఎఫ్ఐఆర్‌లో "మామయ్య" అని ఉంటే (ఎన్) క్లాజు పెట్టేసి, విచారణలో వరస లేదని తేలితే ఆ క్లాజు రాలిపోతుంది. అలాంటివాడికి (పీ) క్లాజు, అంటే పిల్ల విషయంలో నమ్మకం లేదా అధికారం ఉన్న స్థానం, మొదటి రోజు నుంచే జతచేసి ఉంచాలి. అక్క భర్త మాత్రం పెళ్ళి వల్ల బంధువే. మైనరు భార్య విషయంలో భర్త కూడా అంతే. 2017లో ఇండిపెండెంట్ థాట్ కేసులో సుప్రీంకోర్టు భార్యకు 18 నిండేదాకా భర్తకు మినహాయింపు లేదని తేల్చింది.

(ఎన్) ఒక్కదాని మీదే ఆధారపడొద్దన్నది ఇక్కడ అసలు పాఠం. పిల్లకు 12 ఏళ్ళలోపు ఉంటే (ఎమ్), ఒకటికి మించి జరిగితే (ఎల్), గర్భం వస్తే (జె) కూడా ఉన్నాయి. నాలుగూ రుజువైతే శిక్ష నాలుగింతలు కాదు, అదే 6వ సెక్షన్, అదే 20. కానీ ఒకటి కూలినా మిగతావి నిలబడతాయి.

నాలుగోది వాంగ్మూలంలోని మాటలు. పిల్లలు ఇంట్లో జరిగినదానికి పేరు పెట్టలేరు. "పాడు పని చేశాడు", "చెయ్యకూడని పని చేశాడు" అంటారు. పోలీసు రైటరు అదే రాస్తాడు, మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలంలోనూ అదే ఉంటుంది, సాక్ష్యంలోనూ అదే మాట. ఏం జరిగిందో స్పష్టంగా లేకపోతే కోర్టు 6వ సెక్షన్ కింద శిక్ష వెయ్యలేదు, 10వ సెక్షన్‌కు దిగుతుంది. 20 ఏళ్ళకీ 5 ఏళ్ళకీ మధ్య ఉన్న అగాధం ఒక్కోసారి రెండు మాటల మీద నిలబడి ఉంటుంది. పిల్లను సతాయించకుండా, మాట అందించకుండా, బొమ్మ చూపించి తన సొంత మాటల్లో చెప్పించడం నేర్చుకున్న సపోర్ట్ పర్సన్, అంటే కేసులో పిల్లకు తోడుగా ఉండే మనిషి, విలువ ఇక్కడ తెలుస్తుంది. అవసరమైతే ప్రత్యేక విద్యావేత్త సాయం, అనువాదకుడి సాయం తీసుకోవచ్చని చట్టమే అంటోంది. వాడుకునేవాళ్ళు తక్కువ.

ఇవన్నీ దాటాక శిక్షపై విచారణకు వస్తాం. కేసు ఎలా నడపాలో చెప్పే నాగరిక్ సురక్షా సంహితలో ఇది 258(2), పాత సీఆర్‌పీసీలో 235(2). నేరం రుజువైందని చెప్పాక శిక్ష గురించి ముద్దాయి మాట వినాలి. వినకపోతే అది చిన్న లోపం కాదని 1976లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆచరణలో పొద్దున నేరనిర్ధారణ, మధ్యాహ్నం భోజనాల తర్వాత శిక్ష. మరణశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో ఈ హడావిడి సరైందేనా అన్న ప్రశ్నను సుప్రీంకోర్టు 2022లో రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది.

ఈ దశలో కోర్టుకున్న స్వేచ్ఛ కనీసం నుంచి పైకే గాని కిందికి లేదు. 2013కు ముందు ఐపీసీలో "తగిన, ప్రత్యేక కారణాలు" రాసి కనీస శిక్షకన్నా తగ్గించే వీలుండేది, దాన్ని ఆ ఏడాది తీసేశారు. పోక్సో 6లో అలాంటి వీలే లేదు. ఒక హైకోర్టు 10 ఏళ్ళను 7కు తగ్గిస్తే 2023 జూలైలో సుప్రీంకోర్టు తిరిగి 10 చేసింది. చట్టం కనీసం ఇంత అని చెప్పాక కోర్టు దయకు అక్కడ చోటు లేదంది. యావజ్జీవం పడే అవకాశమున్న నేరాలకు ప్రొబేషన్, అంటే జైలుకు పంపకుండా మంచి ప్రవర్తన షరతు మీద వదిలెయ్యడం, కూడా లేదు. నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు బేరమాడే ప్లీ బార్గెయినింగూ లేదు.

20కి పైన ఎంత అన్నదే మిగిలిన ప్రశ్న. ఇక్కడ కోర్టులు చూసేవి: పిల్ల వయసు, ఎంతకాలం సాగింది, బెదిరింపు, చెబితే తల్లిని చంపుతానన్న మాట, గర్భం, జబ్బు, ఒకరికి మించి పిల్లలు బలయ్యారా, బయటపడ్డాక సాక్ష్యం చెరిపేసే ప్రయత్నం జరిగిందా. తాగి ఉన్నానన్న మాట పనిచెయ్యదు, తనంతట తాను తాగినవాడికి చట్టం సాకు ఇవ్వదు. తగ్గింపు వైపు కోర్టులు నిజంగా బరువిచ్చేవి వేరు: ముద్దాయి మరీ చిన్న వయసు, మానసిక వ్యాధికి వైద్య ఆధారం, జైల్లో ప్రవర్తన, మారే అవకాశానికి ఏదైనా రుజువు. "గతంలో ఏ కేసూ లేదు" అన్నది ఇంటి నేరాల్లో బలహీనమైన వాదన అని నా అభిప్రాయం. ఐదేళ్ళు ఇంట్లో జరిగినది బయటికి రాకపోవడం వల్లే ఆ రికార్డు శుభ్రంగా ఉంది.

"ఇంటికి దిక్కు నేనే" అన్నదానికి వద్దాం. ఆ ఇంటికి ఆదాయం పోయిన మాట నిజమే. దానికి మందు జైలు తగ్గించడం కాదు, పరిహారం పెంచడం. ఈ రెండూ కలగాపులగం చేసిన తీర్పులు చూస్తే విసుగొస్తుంది. ముద్దాయి పోషణ భారం గురించి ఒక పేరా రాసి, పరిహారం దగ్గరికి వచ్చేసరికి "జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు" అని ఒక్క వాక్యంతో ముగిస్తారు.

యావజ్జీవం అంటే 14 ఏళ్ళు అన్న అపోహ ఇంకా పోలేదు. యావజ్జీవం అంటే బతికినంతకాలం. 14 ఏళ్ళు నిండాక ప్రభుత్వం శిక్ష తగ్గించాలా వద్దా అని ఆలోచించవచ్చు, అంతే. 2019 తర్వాతి 6వ సెక్షన్‌లో "మిగిలిన సహజ జీవితమంతా" అని తీర్పులో రాస్తే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది, రాష్ట్రపతి, గవర్నర్ల క్షమాభిక్ష ఒక్కటే మిగులుతుంది. మధ్యేమార్గంగా 25 ఏళ్ళనో 30 ఏళ్ళనో తగ్గింపు లేని గడువు పెట్టే అధికారం హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ మాత్రమే ఉందని 2015లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అందుకే చాలా ఇంటి కేసుల్లో తుది అంకె అప్పీల్లో మారుతుంది.

ఒక చిన్న సాంకేతిక విషయం ఇక్కడే. ఒకే తీర్పులో రెండు మూడు శిక్షలు పడితే, "ఏకకాలంలో అమలు" అని రాయకపోతే అవి ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. అక్కాచెల్లెళ్ళిద్దరి మీదా నేరం జరిగి, రెండు ఎఫ్ఐఆర్‌లు, రెండు వేర్వేరు తీర్పులు వస్తే రెండో తీర్పులోనూ ఆ విషయం స్పష్టంగా తేల్చాలి. అయితే రెండు యావజ్జీవాలను వరసగా నడపడం కుదరదు, మనిషికి జీవితం ఒక్కటే అని 2016లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది.

నేరం చేసింది అన్నో, పెద్దమ్మ కొడుకో అయి, అతనికి 18 నిండకపోతే పైన చెప్పిన లెక్కలేవీ పనిచెయ్యవు. కేసు బాలల న్యాయమండలికి వెళుతుంది, గరిష్ఠంగా మూడేళ్ళు ప్రత్యేక గృహంలో ఉంచుతారు. 16 దాటి ఉంటే మండలి ప్రాథమిక అంచనా వేసి పెద్దవాడిగా విచారించడానికి బాలల కోర్టుకు పంపవచ్చు. అప్పుడు కూడా మరణశిక్ష గానీ, విడుదలకు ఆశ లేని యావజ్జీవం గానీ వెయ్యకూడదు. తల్లిదండ్రులకు ఈ కేసు రెండు వైపులా కోత. చాలామంది చెప్పకుండా దాచేది ఇదే. కానీ దాచడం పోక్సో 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడే నేరం.

ఇక రాజీ. ఊరి పెద్దలు కూర్చోబెట్టి, పొలం రాయించి, "ఇంటి పరువు" అని నచ్చజెప్పి తెచ్చే కాగితానికి శిక్షలో విలువ లేదు. అత్యాచారం కేసులో రాజీ కారణంగా కనీసం కన్నా తగ్గించడం కుదరదని 2013లో, అసలు రాజీ మాటే రాకూడదని 2015లో, పోక్సో ఎఫ్ఐఆర్‌ను రాజీ మీద కొట్టెయ్యకూడదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 మేలో ఒక కేసులో సుప్రీంకోర్టు నేరం రుజువైనా శిక్ష వెయ్యలేదు కదా అని అడుగుతారు. అది ప్రేమించి కాపురం పెట్టిన యువతి కేసు. వ్యవస్థే ఆమెకు ఎక్కువ నష్టం చేసిందని, రాజ్యాంగం 142వ అధికరణం సుప్రీంకోర్టుకు ఇచ్చిన ప్రత్యేక అధికారం కింద ఆ ఒక్క కేసుకు ఇచ్చిన ఉత్తర్వు. తండ్రి, బాబాయి కేసుల్లో దాన్ని చూపించే వకీళ్ళున్నారు, అది అతకదు.

రాజీ అసలు పనిచేసేది ఇంకోచోట. తల్లీ కూతురూ కోర్టులో అడ్డం తిరుగుతారు. మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలం దానంతట అది సాక్ష్యం కాదు, కోర్టులో చెప్పినదానికి బలంగానో విరుద్ధంగానో మాత్రమే వాడతారు. పోక్సో 29వ సెక్షన్ నేరం జరిగిందనే భావించమంటుంది గానీ, పునాది విషయాలు ప్రాసిక్యూషన్ ముందు రుజువు చెయ్యాలి. పిల్ల "ఏమీ జరగలేదు" అన్నాక ఆ పునాదిని నిలబెట్టగలిగేది వైద్య నివేదిక, గర్భం వస్తే డీఎన్‌ఏ. 2018లో సుప్రీంకోర్టు తొమ్మిదేళ్ళ పిల్ల అడ్డం తిరిగిన కేసులో మిగతా ఆధారాల మీదే శిక్షను నిలబెట్టింది. అలాంటి ఆధారాలు లేని కేసులో మిగిలేది విడుదలే. కనీస శిక్షను 20 ఏళ్ళకు పెంచినప్పుడు ఇంట్లో ఒత్తిడి కూడా అంతే పెరిగింది. ఐదేళ్ళ తర్వాత వస్తాడనుకుంటే నోరు విప్పే తల్లి, ఇక రాడనుకుంటే మూసుకోవచ్చు. ఈ చట్టాన్ని రాసినవాళ్ళు ఆ తల్లిని లెక్కలోకి తీసుకున్నారని నాకనిపించదు.

అందుకే ముద్దాయి అదే ఇంటివాడైతే మొదటి 24 గంటలు ముఖ్యం. పోలీసులు పిల్లను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుంచాలి. పిల్లను ఇంట్లో ఉంచాలా, బయటికి తేవాలా అన్నది సమితి మూడు రోజుల్లో తేల్చాలి. సాక్ష్యం ఎప్పుడవుతుందో, అంతవరకు పిల్ల ఎవరి అన్నం తింటుందో, ఈ రెండింటికీ శిక్షకూ ఉన్న సంబంధం ఏ తీర్పులోనూ కనబడదు. కోర్టు నేరాన్ని స్వీకరించిన 30 రోజుల్లో పిల్ల సాక్ష్యం పూర్తి కావాలని పోక్సో 35వ సెక్షన్ చెప్పేది కూడా అందుకే.

డబ్బు సంగతి విడిగా చూడాలి. జరిమానా, పరిహారం వేర్వేరు. 6వ సెక్షన్ కింద వేసిన జరిమానా న్యాయంగా ఉండాలి, బాధితుల వైద్యానికీ పునరావాసానికీ ఇవ్వాలి. కానీ 5,000 రూపాయలు జరిమానా వేసి, కట్టకపోతే ఇంకో ఆరు నెలలు జైలు అని రాస్తే పిల్లకు ఒరిగేదేమీ లేదు. పెద్ద జరిమానా వేసి ఆస్తి జప్తు చేద్దామంటే ఆ ఆస్తి పిల్ల తలదాచుకుంటున్న ఇల్లే కావచ్చు. అందువల్ల ఇంటి కేసుల్లో అసలు ఊతం ప్రభుత్వం ఇచ్చే పరిహారమే. పోక్సో 33(8), 2020 నిబంధనల్లో 9వ నిబంధన ప్రకారం ప్రత్యేక కోర్టు ఎఫ్ఐఆర్ నమోదయ్యాక ఎప్పుడైనా మధ్యంతర పరిహారం ఇవ్వొచ్చు. తీర్పు దాకా ఆగక్కర్లేదు. ముద్దాయి విడుదలైనా, పిల్లకు నష్టం జరిగిందని కోర్టు నమ్మితే పరిహారం ఇవ్వొచ్చు. ఉత్తర్వు అందిన 30 రోజుల్లో రాష్ట్రం చెల్లించాలి. ఎంత అన్నదానికి చూడాల్సిన అంశాల్లో నేరస్తుడితో పిల్లకున్న సంబంధం, ఒకసారి జరిగిందా చాలాకాలం సాగిందా, చదువు పోయిందా, గర్భం వచ్చిందా, ఇంటి ఆర్థిక స్థితి ఏమిటి అన్నవి ఉన్నాయి.

అంకెలకు నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) 2018 పథకాన్ని కొలమానంగా వాడమని సుప్రీంకోర్టు చెప్పింది. అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు, దానివల్ల గర్భం వస్తే 3 నుంచి 4 లక్షలు, బాధితురాలు మైనరు అయితే పరిమితి 50 శాతం ఎక్కువ. ఇక తిండి, బట్టలు, ప్రయాణం లాంటి తక్షణ ఖర్చులకు బాలల సంక్షేమ సమితి సిఫారసు చేస్తే వారంలో చెల్లించాలి. ఇది ఉందనే చాలామందికి తెలియదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టడానికి వకీలు కూడా ఉచితమే, 15100కు ఫోన్ చెయ్యొచ్చు. పరిహారం డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్నది కూడా అడగాలి. ముద్దాయి చేతికి ఏ దారిలోనూ చేరకుండా పిల్ల పేర ఫిక్స్‌డ్ డిపాజిట్, వడ్డీ మాత్రం ఖర్చులకు అని ఉత్తర్వులోనే రాయించుకోవాలి.

చివరగా అప్పీలు. ముద్దాయి హైకోర్టుకు వెళ్ళడానికి గడువు 60 రోజులు, మరణశిక్ష అయితే 30. పిల్ల తరఫున వెళ్ళాలంటే దారి ఇరుకు. బాధితులు మూడు కారణాల మీదే అప్పీలు వెయ్యగలరు: ముద్దాయిని విడుదల చేశారని, తక్కువ నేరం కింద శిక్షించారని, పరిహారం చాలలేదని. శిక్ష ఏళ్ళు చాలలేదని వెయ్యలేరు, 2020లో సుప్రీంకోర్టు ఇది స్పష్టం చేసింది. కాబట్టి 6వ సెక్షన్ కింద 20 ఏళ్ళే వేశారు, యావజ్జీవం కావాలి అంటే పిల్ల వైపు నుంచి కుదరదు. 6 బదులు 10వ సెక్షన్ కింద 5 ఏళ్ళు వేశారంటే కుదురుతుంది, అది తక్కువ నేరం కిందికే వస్తుంది. ఏళ్ళు పెంచమనే అప్పీలు ప్రభుత్వమే వెయ్యాలి, సురక్షా సంహిత 418 కింద. దానికి తీర్పు కాపీ జతచేసి పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఇచ్చేముందు ఒక్క విషయం ఆలోచించుకోవాలి: ప్రభుత్వం పెంచమని వెళితే, ఆ అప్పీల్లోనే ముద్దాయి తనను పూర్తిగా విడుదల చెయ్యమని కూడా వాదించుకోవచ్చు. పిల్ల సాక్ష్యం మళ్ళీ మొదటి పేజీ నుంచి చదువుతారు.